పెరుగుతున్న నగరం పక్కన ఇల్లు వెతికేవాళ్లకు మ్యాపు టూల్స్ ఎంతవరకు పనికొస్తాయి: ఒక రివ్యూ

నగర శివారుకు మారాలనుకునేవాళ్లు ఇప్పుడు మొదట తెరిచేది మ్యాపే. బ్రోకరుకు ఫోన్ చేయడం, ఇళ్లు చూడటం ఆ తర్వాతే. ఇక్కడ చూస్తున్నవి నాలుగు: గూగుల్ మ్యాప్స్, గూగుల్ ఎర్త్ ప్రో, గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్, ఓపెన్‌రూట్‌సర్వీస్. నాలుగూ డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. ముందే తేల్చి చెప్పేస్తే, ఒక ఏరియా గతాన్ని చూపించడంలో ఇవి గట్టివి. ఇప్పటి పరిస్థితి విషయంలో ఫర్వాలేదు. రేపటి సంగతి వీటికి తెలీదు. వేగంగా పెరిగే నగరం పక్కన కొనేవాడి అసలు ప్రశ్న రేపటి గురించే కదా. అందుకే వీటిని ఎక్కడ ఉండకూడదో తేల్చుకోవడానికి వాడితే బోలెడంత ఉపయోగం. ఎక్కడ ఉండాలో వీటినే అడిగితే దెబ్బతింటారు.

గూగుల్ మ్యాప్స్‌తో మొదలుపెడదాం. ఆఫీసుకు ఎంతసేపు పడుతుందో ఆదివారం మధ్యాహ్నం చూస్తే వచ్చే అంకెకు విలువ లేదు. రూటు పెట్టాక బయల్దేరే సమయమో, చేరాల్సిన సమయమో మార్చుకునే వీలుంది. ఫోన్‌లో అయితే మూడు చుక్కల మెనూలో దొరుకుతుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి తీసుకుని పొద్దున చేరాల్సిన సమయానికి ఒకసారి, సాయంత్రం బయల్దేరే సమయానికి ఒకసారి విడివిడిగా చూడాలి. అప్పుడు ఒకే అంకె కాకుండా "35 నుంచి 70 నిమిషాలు" అన్నట్టు వస్తుంది. చాలామంది రెండూ కలిపి సగం చేసుకుని సుమారు 50 నిమిషాలని లెక్కేసుకుంటారు. లెక్కలోకి తీసుకోవాల్సింది 70. రోజూ టైముకు చేరాల్సిన మనిషి ఇంట్లోంచి బయటపడేది ఆ పై అంకెను బట్టే. రెండు అంకెల మధ్య తేడా కూడా చూడండి. 40–50 చూపించే ఇల్లు, 25–65 చూపించే ఇల్లు రెండూ సగటున 45 నిమిషాలే. బతకడానికి మాత్రం మొదటిదే నయం.

డెస్క్‌టాప్‌లో ఇంకొకటి ఉంది, ఫోన్ యాప్‌లో కనిపించదు. ట్రాఫిక్ లేయర్ ఆన్ చేస్తే కింద లైవ్ ట్రాఫిక్ అని ఒక పట్టీ వస్తుంది. దాన్ని టిపికల్ ట్రాఫిక్‌కు (మామూలుగా ఉండే రద్దీకి) మారిస్తే వారంలో ఏ రోజు, ఏ సమయం అన్నది మనమే ఎంచుకోవచ్చు. పొద్దున ఏడు నుంచి పదిన్నర దాకా నెమ్మదిగా జరుపుతూ ఎరుపు ముందు ఏ జంక్షన్‌లో పడుతుందో చూడండి. మీ కాలనీ రోడ్డు మెయిన్ రోడ్డులో కలిసే చోటే ఎరుపు మొదలైతే ఇక తప్పించుకునే దారి లేనట్టే. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాక మొదలైతే ఏదో ఒక అడ్డదారి ఉంటుంది. ఇంకో సంగతి, మ్యాపు లెక్క రోడ్డు మీద మొదలై రోడ్డు మీదే అయిపోతుంది. లిఫ్ట్, పార్కింగ్, పెద్ద అపార్ట్‌మెంట్ అయితే గేటు దగ్గర క్యూ, అవతల ఆఫీసు బేస్‌మెంట్ ఇవేవీ అందులో లేవు. పది నిమిషాలు కలుపుకోండి. పిన్ను కూడా భవనం నడిమధ్య కాకుండా బండి బయటికొచ్చే గేటు దగ్గర పెట్టాలి. డివైడర్ ఉన్న రోడ్డు మీద గేటు ఏ వైపుందో అన్నదాన్ని బట్టి యూ టర్న్ కోసమే రెండు కిలోమీటర్లు తిరగాల్సి రావచ్చు.

ఇంతవరకూ బాగానే ఉంది. లోపం ఎక్కడంటే, మ్యాప్స్ చూపించే ఈ అంకె గడిచిన రోజుల డేటా నుంచి వచ్చింది. నగరం పెరుగుతుంటే ఆ అంకె ఎంత త్వరగా పాతబడుతుందో అంచనా వేయడానికి రవాణా ఇంజనీర్లు ఇప్పటికీ వాడే ఒక సూత్రం ఉంది. 1964లో అమెరికా బ్యూరో ఆఫ్ పబ్లిక్ రోడ్స్ ఇచ్చింది. రోడ్డు మీదికొచ్చే వాహనాలను ఆ రోడ్డు సామర్థ్యంతో భాగించండి. వచ్చిన అంకెను నాలుగుసార్లు రాసి, నాలుగింటినీ హెచ్చించి, 0.15తో గుణించి, ఒకటి కలపండి. ఖాళీ రోడ్డు మీద పట్టే సమయం అన్ని రెట్లవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 20 నిమిషాలు పట్టే దారి తీసుకుందాం. సామర్థ్యానికి సరిగ్గా సరిపడా బళ్లు వస్తే 23 నిమిషాలు. ఇక్కడిదాకా ఎవరికీ తేడా తెలియదు, "ట్రాఫిక్ పెద్దగా లేదండీ" అని అమ్మేవాళ్లు చెప్పేది ఈ దశలోనే. 20 శాతం ఎక్కువైతే 26. ఒకటిన్నర రెట్లయితే 35. రెట్టింపైతే 68. అంటే బళ్లు పెరిగిన లెక్కన సమయం పెరగదు. కొన్నాళ్లు ఏమీ కానట్టుండి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇవాళ నిండుగా ఉన్న రోడ్డు మీద ఏటా 10 శాతం బళ్లు పెరుగుతాయనుకుంటే, అయిదేళ్లకు 23 నిమిషాల దారి 40 నిమిషాలవుతుంది. మధ్యలో రోడ్డు వెడల్పు చేస్తే లెక్క మారుతుంది, నిజమే. కానీ వెడల్పు చేసిన రోడ్డు పక్కన కొత్త వెంచర్లు వెయ్యకుండా ఎవరూ ఊరుకోరు.

అందుకని రోడ్డు తప్ప వేరే దారి లేని ఏరియాను జాబితాలో కిందికి నెట్టాలని మా అభిప్రాయం, ఇల్లు ఎంత బాగున్నా సరే. సొంత పట్టాల మీద నడిచే రైలుకు జనం పెరిగితే నిలబడే చోటు తగ్గుతుందే గానీ ప్రయాణ సమయం దాదాపు అలాగే ఉంటుంది. స్టేషన్ దూరం కొలిచేటప్పుడు మ్యాపులోని గుర్తు దాకా కాదు, మెట్లున్న గేటు దాకా నడక రూటు పెట్టి చూడాలి. మామూలు నడకకు పది నిమిషాల్లో 800 మీటర్లు వస్తుంది. ప్రకటనలో 800 మీటర్లని రాసింది గాలిలో గీసిన గీత అయితే నడక అంతకంటే ఎక్కువే, పైగా మధ్యలో దాటాల్సిన హైవే ఉంటే మరీనూ. రాబోయే లైన్‌ను లెక్కలో వేసుకోవద్దు. రైలు నడిచిన రోజున చూసుకోవచ్చు.

ఓపెన్‌రూట్‌సర్వీస్ గురించి రెండు ముక్కలు చాలు. ఆఫీసు చుట్టూ అరగంటలో చేరగల ప్రాంతమంతా ఒక మచ్చలా గీసి చూపిస్తుంది. ఎక్కడెక్కడ వెతకాలో తెలియని మొదటి రోజున చాలా పనికొస్తుంది. కాకపోతే అందులో రద్దీ లెక్క ఉండదు, అది తెల్లవారుజాము అరగంట. అందుకే 20 నిమిషాలకు గీయించి, ఆ లోపల పడిన ఏరియాలను పైన చెప్పినట్టు మ్యాప్స్‌లో పరీక్షించండి.

ఈ నాలుగింటిలో మా ఓటు గూగుల్ ఎర్త్ ప్రోకే. 2015 నుంచి ఉచితం. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ముఖం కాస్త పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, అయినా ఫర్వాలేదు. పైన గడియారం బొమ్మ నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాల స్లయిడర్ వస్తుంది. మీరు చూస్తున్న స్థలాన్ని ఏడాదికేడాది వెనక్కి జరపండి. ఇప్పుడు క్లబ్ హౌస్ ఉన్న చోట అప్పుడు ఏముంది? పొలమా, క్వారీనా, చెత్త పోసిన దిబ్బా, చెరువు అంచా? పచ్చగా వంకర్లు తిరుగుతూ వచ్చిన చెట్ల వరస సాధారణంగా వాగే. అది ఏ ఏడాది ఏ భవనాల కింద మాయమైందో చూడండి. వాగును పైపులో పెట్టేసినా ఎగువ నుంచి వచ్చే నీరు తగ్గదు. పైగా ఎగువన మట్టి పోయి కాంక్రీటు వస్తున్న కొద్దీ వాన నీరు ఇంకకుండా ఇంకా ఎక్కువగా, ఇంకా వేగంగా దిగివస్తుంది. "ముప్పై ఏళ్లలో ఇక్కడ నీళ్లు నిలవలేదు" అన్న మాట నిజమే అయినా, ఆ ముప్పై ఏళ్లూ ఎగువన ఖాళీ భూమి ఉంటే ఆ హామీ చెల్లదు. కాబట్టి మీ స్థలం ఒక్కటే చూసి ఆగకుండా, నీరు వచ్చే వైపు నాలుగైదు కిలోమీటర్లు కూడా పాత చిత్రాల్లో తిరగండి.

ఇక్కడ బోల్తా పడే చోట్లు మూడు. ఎండాకాలం చిత్రంలో చెరువు మైదానంలా కనిపిస్తుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే కాలంలో తీసిన చిత్రాలనే పక్కపక్కన పోల్చాలి. రెండోది, తెర మీద కనిపించేదంతా ఒకే రోజు తీసింది కాకపోవచ్చు. రంగు ఉన్నట్టుండి మారిన గీత కనిపిస్తే అక్కడ వేరే తేదీ చిత్రం అతికారని అర్థం. మూడోది ఎత్తు. కింద కుడివైపు రెండు ఎత్తులు కనిపిస్తాయి: ఒకటి మౌస్ ఉన్న చోట నేల ఎత్తు, రెండోది మీరు పై నుంచి చూస్తున్న ఎత్తు. కొత్తవాళ్లు రెండోదాన్ని నేల ఎత్తనుకుంటారు. వాగు నుంచి ఇంటి దాకా ఒక గీత గీసి, దాని మీద రైట్ క్లిక్ చేసి ఎలివేషన్ ప్రొఫైల్ తెరిస్తే వాలు ఎటుందో గ్రాఫ్ వస్తుంది. వాలు దిశ తెలుసుకోవడానికి అది చాలు. అంతకుమించి నమ్మొద్దు. చాలా చోట్ల ఆ ఎత్తులకు ఆధారం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. చెట్ల తలలు, ఇళ్ల కప్పులు కూడా కొంత నేలలో కలిసిపోయి ఉంటాయి, కొన్ని మీటర్ల తేడా మామూలే. ఇంట్లోకి నీళ్లు వస్తాయా రావా అన్నది తేలేది అర మీటరు దగ్గర. రెండు ప్లాట్లలో ఏది ఎత్తులో ఉందో తేల్చాలంటే సర్వేయర్‌ను పిలవాల్సిందే.

గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ ఐరోపా కమిషన్ వాళ్ల జాయింట్ రీసెర్చ్ సెంటర్ తయారుచేసింది, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. 1984 నుంచి ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో ఎక్కడెక్కడ నీరు కనిపించిందో రంగుల్లో చూపిస్తుంది. ముదురు నీలమైతే ఎప్పుడూ నీరున్న చోటు. ఊదా, గులాబీ వైపు జరిగిన కొద్దీ అప్పుడప్పుడూ ఉన్న చోటు. మీ వెంచర్ మీద ఈ రెండో రకం రంగు పడితే ఆ వెంచర్‌ను వదిలేయండి. రంగు పడకపోతే మాత్రం ముంపు లేదని రాసిచ్చినట్టు కాదు. ఇందులో ఒక చుక్క 30 మీటర్ల చతురస్రం, అంతకన్నా సన్నని వాగు అందులో పడదు. ఒక ల్యాండ్‌శాట్ ఉపగ్రహం మళ్లీ అదే చోటికి రావడానికి 16 రోజులు పడుతుంది. రాత్రి ముంచి, రెండో రోజుకు తగ్గిపోయే వరద దాని కంటికి చిక్కాలంటే అదృష్టం ఉండాలి. చిక్కినా పైన మబ్బు ఉంటే కనపడదు.

చప్పుడు విషయంలో ఈ నాలుగూ మౌనమే. విమానాశ్రయం ఉన్న వైపు చూస్తుంటే విమానాల దారి చూపించే యాప్ ఒకటి తెరిచి గమనించాలి, అదీ గాలి రెండు వైపులా వీచే రోజుల్లో. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి గాలి తిరిగితే దిగే వైపు మారిపోతుంది. ఒక్క సాయంత్రం బాల్కనీలో నిలబడి ప్రశాంతంగా ఉందనుకోవడం అందుకే పొరపాటు. సాధారణంగా విమానం దిగే వాలు 3 డిగ్రీలు. రన్‌వేకు సూటిగా 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటి మీదుగా అది 520 మీటర్ల ఎత్తులో వెళుతుంది. ఐరోపా ప్రాంతానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రిపూట విమానాల చప్పుడు 40 డెసిబెల్స్, రోడ్డు చప్పుడు 45 డెసిబెల్స్ లోపు ఉండాలని ఉంది. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ అంకె పూర్తిగా సరైనది కాకపోయినా, రెండు ఇళ్లను ఒకే ఫోన్‌తో పోల్చడానికి పనికొస్తుంది.

ఇక ఎదురుగా ఉన్న ఆ ఖాళీ స్థలం. అమ్మేవాళ్లు దాన్ని "ఓపెన్ వ్యూ" అంటారు. అది ఎవరిది, దేనికి కేటాయించారు అన్నది ఏ మ్యాపూ చెప్పదు, నగర అభివృద్ధి సంస్థ అచ్చేసే మాస్టర్ ప్లాన్ చెబుతుంది. ఆ ప్లాన్ పీడీఎఫ్‌ను బొమ్మగా మార్చి ఎర్త్ ప్రోలో ఇమేజ్ ఓవర్‌లేగా, అంటే ఉపగ్రహ చిత్రం మీద పరిచిన బొమ్మగా, వేయండి. పారదర్శకత సగానికి పెట్టి, ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు నాలుగు పాత జంక్షన్లు కలిసేదాకా మూలలు లాగి సర్దండి. కొత్తగా ప్లాన్ చేసిన రోడ్లతో సర్దకూడదు, అవి గీసిన చోటే పడతాయన్న నమ్మకం లేదు. చుట్టూ కిలోమీటరు మేర నివాస, వాణిజ్య, పరిశ్రమల జోన్లు ఎక్కడ పడ్డాయో, వెడల్పు చేయబోయే రోడ్డు గీత మీ కాంపౌండ్ గోడను తాకుతుందో లేదో ఇప్పుడు కనిపిస్తుంది. చేత్తో సర్దిన బొమ్మకు 20, 30 మీటర్లు అటూ ఇటూ తేడా సహజం. గీత గోడకు ఆ దూరంలో ఉందంటే తెర మీద ఇంకా లాగుతూ కూర్చోకుండా, సర్వే నంబరు పట్టుకుని నగర అభివృద్ధి సంస్థ ఆఫీసుకే వెళ్లి భూ వినియోగ ధ్రువపత్రం అడగండి. అడ్వాన్సు ఇచ్చేది ఆ కాగితం చేతికొచ్చాకే.