పిల్లల గేలం కిట్: కర్ర ఉంచుకోండి, తంగూసు పారేయండి

కొడుకుని వెంటేసుకుని జింకల వేటకెళ్లిన తాతల కబుర్లు మన్యం అంచు ఊళ్లలో ఇంకా వినబడతాయి గానీ, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అవి కబుర్లే. నాగావళి ఒడ్డునో తాటిపూడి జలాశయం గట్టునో పిల్లడికి వేట ఓపిక నేర్పాలంటే మిగిలింది గేలమే. అందుకోసం చాలామంది ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్న 2.1 మీటర్ల మడత కర్ర (కణుపులు ఒకదాన్లోకి ఒకటి దూరేది) కిట్ సంగతి ఇది. పెట్టెలో కర్ర, 2000 సైజు రీలు, దానికి ముందే చుట్టిన తంగూసు (నైలాన్ దారం), కొక్కేల డబ్బీ, ఎరగా వాడే రంగురంగుల ప్లాస్టిక్ చేపలు ఉంటాయి.

కర్రకి మంచి మార్కులే వేయొచ్చు. మడిస్తే మూరెడు, స్కూలు బ్యాగులో పడుతుంది. తీసేటప్పుడు సన్న కణుపు నుంచి మొదలుపెట్టి, రింగులన్నీ ఒక వరుసలోకి వచ్చేలా కొద్దిగా తిప్పి బిగించాలి. మడిచేటప్పుడు లావు కణుపు ముందు. ఈ వరుస తప్పితే కొన విరుగుతుంది. కణుపుల మధ్య ఇసుక చేరితే పట్టేస్తుంది. అప్పుడు నూనె పోయకండి, ఇసుక ఇంకా అంటుకుంటుంది. రెండు చేతుల్లో సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టుకుని మెలిపెడితే వదులుతుంది. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే మడవాలి.

రీలు పర్వాలేదు. పిడిని ఎడమకైనా కుడికైనా మార్చుకోవచ్చు. దాని మీది తంగూసే దండగ. అంచుదాకా కుక్కి చుట్టి పంపుతారు, విసరగానే చుట్టలు చుట్టలుగా జారి చిక్కుపడుతుంది. దాన్ని తీసేసి 0.25 మిల్లీమీటర్ల మంచి తంగూసు కొని, అంచుకి రెండు మిల్లీమీటర్లు కిందికి ఉండేలా చుట్టండి. విసిరేముందు తెరిచే రీలు మీది వంపు తీగని, విసిరాక చేత్తోనే మూయడం నేర్పాలి. పిడి తిప్పి మూస్తే ప్రతిసారీ ఇంత మెలి పడుతుంది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి, సరిగ్గా చేప పడ్డప్పుడే తెగుతుంది.

పదేళ్ల లోపు గుంటలకైతే మొదట్లో రీలే వద్దు. తంగూసుని రింగుల్లోంచి తెచ్చి కర్ర పిడి దగ్గర కట్టేసి, కొన నుంచి కర్ర పొడవంత వదిలితే చాలు. నిజానికి ఆ పనికి ఊళ్లో వెదురు కర్రా సరిపోతుంది.

డబ్బీలోని కొక్కేలు చాలావరకు పెద్దవి. జిలేబి చేప నోరు చిన్నది, పరిగె చేపది మరీను. ఎర మాయమవుతుంది, చేప పడదు. 8 నుంచి 10 నంబరు చిన్న కొక్కేలు విడిగా కొనండి. ఎదురుముల్లుని పట్టకారుతో నొక్కేస్తే వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. సీసం గుండుని పళ్లతో నొక్కే అలవాటు పిల్లలకి అంటనీయకండి, సీసం విషం. గుండు కొక్కేనికి జానెడు పైన, బెండు అడుగున్నర, రెండడుగుల పైన. నీళ్లలో బెండు వేలెడే కనబడాలి. ఎక్కువ తేలితే చేప ఎర వదిలేస్తుంది. ఎర్ర (వానపాము) మొత్తం గుచ్చక్కర్లేదు, అంగుళం ముక్క చాలు. జిలేబికి గోధుమపిండి ముద్దా పనిచేస్తుంది. బెండు మునిగితేనే కాదు, ఒక్కసారి పడుకున్నా చేప ఎరని పైకెత్తిందనే. అప్పుడు మణికట్టుతో చిన్న లాగు. ప్లాస్టిక్ చేపల్ని ఆటబొమ్మల్లో వేసేయండి, పిల్లల చేతిలో అవి గుర్రపుడెక్కనే పడతాయి.

కిట్‌తో రాని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పెట్టె మీద కార్బన్ అని రాసుంటే ఆ కర్రలో కరెంటు పారుతుంది. తీగల కింద కర్ర చాపకూడదు, ఉరిమితే వెంటనే మడిచేయాలి. తల మీంచి విసరనివ్వకండి, వెనకున్నవాళ్ల చెవికి తగులుతుంది. ఉయ్యాల ఊపినట్టు కిందనుంచే వేయించండి. జెల్ల పడితే పిల్లడి చేతికివ్వొద్దు, వీపు ముల్లూ పక్క ముళ్లూ కత్తుల్లా ఉంటాయి. తడిగుడ్డతో పెద్దలే విప్పాలి.

వానాకాలం నాగావళి మీది నారాయణపురం ఆనకట్ట, వంశధార మీది గొట్టా బ్యారేజీ దిగువన కూర్చోబెట్టకండి. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో పుట్టినవే. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువ వానకి నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఊరి చెరువైతే వేలంపాట పాడుకున్నవాళ్లని ముందే అడగండి, లేకపోతే పిల్లడి ముందు మాట పడాలి.

రెండు మూడు నెలల వాడకంలో ముందు పోయేది కొన రింగు. లోపలి గాజులాంటి పూస రాలి, తంగూసుని కోసేస్తుంది. వేట సామాన్ల కొట్టులో విడి రింగు దొరికితే, పాతదాన్ని వేడిచేసి లాగి కొత్తది జిగురుతో అతికించుకోవచ్చు. కొనేటప్పుడే రెండు తీసి ఉంచుకోండి.