జాగ్రత్త: ఇంజనీర్డ్ వుడ్ కొనే ముందు పై పొర మందం అడగండి

ఇంట్లో చెక్క ఫ్లోరింగ్ వేయించుకోవాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "14 మిల్లీమీటర్ల మందం, పైన అసలైన ఓక్, పాతబడితే శాండింగ్ చేయించి, అంటే యంత్రంతో పైపైన అరగదీయించి, మళ్ళీ పాలిష్ పెట్టించుకోవచ్చు" అని చెప్పి మాకు ఇంజనీర్డ్ వుడ్, అంటే ప్లైవుడ్ పొరల మీద అసలు చెక్క పొర అతికించిన పలకలు, అమ్మారు. ఆ మాటల్లో మొదటి రెండూ నిజమే. మూడోది పచ్చి అబద్ధం.

కుర్చీలు జరిపే చోట గీతలు పడి పాలిష్ పోయింది. శాండింగ్‌కు వచ్చిన పనివాడు యంత్రం దించకముందే గుమ్మం దగ్గరి పట్టీ ఊడదీసి, పలక అంచు చూపించాడు. అడుగంతా ప్లైవుడ్ పొరలే. వాటి మీద ఓక్ పొర ఎంతుందని స్కేలు ఆనించి చూస్తే మిల్లీమీటరు కూడా లేదు. "దీని మీద యంత్రం పెడితే ప్లైవుడ్ బయటపడుతుంది, నేను చేయను" అని చెప్పి, పైసా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. అమ్మినవాళ్ళను అడిగితే "14 మిల్లీమీటర్లన్నాం, 14 ఇచ్చాం కదా" అంటున్నారు. మోసమంతా ఆ అంకెలోనే ఉంది. మొత్తం మందంతో ఫ్లోరింగ్ ఆయుష్షు తేలదు, పైన ఉన్న చెక్క మందంతో తేలుతుంది.

ఈ పై పొర సరుకును బట్టి 0.6 మిల్లీమీటర్ల నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒకసారి పూర్తిగా శాండింగ్ చేస్తే దాదాపు ఒక మిల్లీమీటరు అరిగిపోతుంది. 3 మిల్లీమీటర్లుంటే ఒకటి రెండుసార్లు ధైర్యంగా చేయించుకోవచ్చు, 2 కన్నా తక్కువైతే ఆ ఆశ వదులుకోవాలి. అదే సాలిడ్ వుడ్, అంటే మొత్తం ఒకే చెక్కతో చేసిన పలక, సాధారణంగా 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులోనూ పలకలను ఒకదానిలో ఒకటి బిగించే గాడికి పైనున్న 6 మిల్లీమీటర్లే పనికొస్తుంది, కానీ అది కొన్ని దశాబ్దాలకు చాలు. పరిచాక పైనుంచి చూస్తే రెండూ ఒకే ఓక్. అందుకే దుకాణంలో నమూనాను తిరగేసి అంచు చూడండి, స్కేలు వెంట తీసుకెళ్ళండి. లామినేట్‌ను ఇంజనీర్డ్ వుడ్ అని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. దాని పైన ఉండేది చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం, అంచు చూస్తే అదీ బయటపడుతుంది.

అలాగని ఇంజనీర్డ్ వుడ్ చెడ్డదని నేను అనను. చెక్క తేమ పీలిస్తే వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు కదలదు. ఒకదానికొకటి అడ్డంగా అతికించిన పొరలు ఆ ఉబ్బును పట్టి ఉంచుతాయి. కాంక్రీటు మీద నేరుగా వేయాలన్నా, వెడల్పాటి పలకలు కావాలన్నా, నేల మట్టానికి దిగువన ఉన్న గది అయినా అదే మంచిది. పై పొర మందంగా ఉన్నది ఎంచుకోవాలి, అంతే.

ఇక ఇదంతా చదివి సాలిడ్ వుడ్ వైపు మొగ్గేవారికి అంతకన్నా గట్టిగా చెప్పవలసిన విషయం తేమ. మా బంధువుల కొత్త ఇంట్లో ప్లాస్టరింగు పచ్చి ఆరకముందే సాలిడ్ పలకలు దిగ్గొట్టారు. అవి అడుగునుంచి చెమ్మ పీల్చి, నడుమ గుంటలా దిగి, అంచులు పైకి లేచాయి. వేసినవాళ్ళు హడావుడిగా వచ్చి ఆ అంచులను శాండింగ్‌తో చదును చేసేశారు. తర్వాత చెక్క ఆరి అంచులు దిగిపోయాయి, ఇప్పుడు ప్రతి పలకా నడుమ ఉబ్బుగా కనిపిస్తోంది. తడి పూర్తిగా ఆరేదాకా ఆగి ఉంటే చాలా పలకలు వాటంతటవే సర్దుకునేవి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు మీటరుతో తేమ కొలవమనండి, అంకెలు రాసి సంతకం పెట్టమనండి. నేల మీద ముందుగా పరిచిన ప్లైవుడ్‌కూ దాని పైన వేసే పలకలకూ తేమలో తేడా 4 శాతం దాటకూడదు, వెడల్పాటి పలకలకైతే 2 శాతమే. కాంక్రీటు మీదైతే ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. కింద నీటి చుక్కలు పట్టినా, కాంక్రీటు నల్లబడినా పని ఆపించండి. చుక్కలు పట్టకపోయినా మీటరు కొలత తప్పనిసరే. చెక్క ఉబ్బడానికి గోడల పక్కన 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలారో లేదో స్కర్టింగ్ (గోడ అడుగున కొట్టే పట్టీ) కొట్టకముందే చూసుకోండి.

గ్యారంటీ కాగితంలో పెద్ద అక్షరాల్లో కనిపించే ఏళ్ళ సంఖ్య తరచూ పై పూతకే వర్తిస్తుంది. తేమ వల్ల వచ్చే నష్టాన్ని చిన్న అక్షరాల్లో మినహాయిస్తారు. బిల్లులో "పై పొర ఇన్ని మిల్లీమీటర్లు, ఇన్నిసార్లు శాండింగ్ చేయవచ్చు" అని రాయించుకోండి. రాయనంటే ఆ సరుకు కొనవద్దు. పని ముగిశాక మిగిలిన పలక ఒకటి బిల్లుతోపాటు దాచండి. మేం ఇప్పుడు ఫిర్యాదుకు జత చేయబోయేది అలా మిగిలిన పలకనే.