ఎడమవైపు నూటికి నూరు, కుడివైపు సున్నా: మూడేళ్లుగా తొడుగుతున్న ఇటలీ కవచం

మిలాన్‌లోని బ్రెరా మ్యూజియంలో పియెరో డెల్లా ఫ్రాంచెస్కా 1470లలో వేసిన పెద్ద బలిపీఠ చిత్రం ఉంది. అందులో ఉర్బినో ప్రభువు ఫెదెరికో నిలువెల్లా ఉక్కు కవచంతో మేరీమాత ముందు మోకరిల్లి ఉంటాడు. ఆ బొమ్మ చూసి చేయించుకున్న కవచాన్ని మూడేళ్లుగా మధ్యయుగపు ఉత్సవాల్లో తొడుగుతున్నాను.

బరువు 24 కిలోలు. అందరూ అడిగేది దీని గురించే గానీ, ఒళ్లంతా సర్దుకుంటుంది కాబట్టి పెద్దగా తెలియదు. ఫెదెరికోలా మోకరిల్లి, ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలను. తొడుక్కోవడమే తలనొప్పి. లోపలి దళసరి చొక్కాకి ఒక్కో ముక్కనీ తాళ్లతో కట్టాలి. తోడు మనిషి ఉన్నా అరగంట పడుతుంది.

అసలు గొడవంతా కుడి భుజంతోనే. ఫెదెరికోకి 1450 ప్రాంతంలో ఈటెల పోటీలో కుడి కన్ను పోయింది. అందుకే బొమ్మల్లో ఎడమవైపు నుంచే కనిపిస్తాడు. ఆయన కన్ను పోయినందుకు నా భుజానికి వచ్చింది తంటా! కవచం చేసినాయన కనపడే ఎడమ రేకునే తిరగేసి కుడివైపు దించేశాడు. కానీ ఆ కాలపు ఇటలీ కవచాల్లో రెండు భుజాలూ ఒకేలా ఉండవు. ఈటెను చంకలో ఇరికించుకోవాలి కదా, కుడి రేకు చిన్నది, చంక దగ్గర తొలిచి ఉంటుంది. నేను ఈటె ఎత్తినప్పుడల్లా అంచు ఛాతీ రేకుకి తగిలి టంగుమనేది. ఏడాది భరించాను.

తర్వాత ఇటలీలోని మాంటువా ఊరికి వెళ్లాను. ఊరి బయటి గ్రాత్సీయే చర్చిలో మొక్కుబడి బొమ్మలకు తొడిగిన 15వ శతాబ్దపు అసలు కవచాలు ఇప్పుడు అక్కడి డయోసిస్ (బిషప్ పాలనలోని చర్చి ప్రాంతం) మ్యూజియంలో ఉన్నాయి. వాటి చుట్టూ తిరిగి, కుడి భుజాలకే ఇరవై ఫొటోలు తీసుకున్నాను. ముందే ఆ పని చేసి ఉంటే డబ్బు మిగిలేది.

ఇంకోటి. కవచం చేసినాయన చిత్రంలో ఉక్కు మీద పడ్డ వెలుగు గీతని గట్టు అనుకుని, మోచేతి రేకు మీద ఉబ్బెత్తుగా కొట్టాడు. వాన పడితే తుప్పు మొదలయ్యేది ఆ గట్టు పక్కనే. నూనె గుడ్డతో ఎంత తుడిచినా సన్నటి ఎర్రగీత మిగులుతుంది.

కుడి భుజం వేరేచోట మళ్లీ చేయించాను. ఈటె ఇప్పుడు హాయిగా కూర్చుంటుంది. కానీ కొత్త ఉక్కు మెరుపు పాతదానితో కలవలేదు. అందుకే ఫొటోలకి నేనూ ఎడమవైపే తిరిగి నిలబడుతున్నాను.