మాంచెస్టర్‌లో రెండు రోజులు

మాది మంగళగిరిలో మగ్గం మీద బతికిన ఇల్లు. ఇంగ్లండ్ మిల్లు గుడ్డ వచ్చి మన నేతను ఎలా దెబ్బతీసిందో నాయనమ్మ చెబుతుంటే, మాంచెస్టర్ పేరు చిన్నప్పుడే చెవినపడింది. అందుకే లండన్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు రెండు రోజులు ఆ ఊరికే పెట్టుకున్నాం.

పికాడిలీ స్టేషన్ దగ్గర ఒక చిన్న హోటల్లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ, రోడ్డు వైపు కిటికీ కావడంతో అర్ధరాత్రి దాటినా నిద్ర లేదు. వెనక వైపు గది అడిగి తీసుకోండి. ఊరి నడిబొడ్డున ఫ్రీ బస్సులున్నాయి, నడిచినా దూరాలు తక్కువే.

నన్ను కట్టిపడేసింది రాయల్ ఎక్స్ఛేంజ్. ఒకప్పుడు వేలమంది వర్తకులు నూలుకీ బట్టకీ బేరాలాడిన హాలు ఇది. 1968లో బేరాలు ఆగిపోయాయి. 1976 నుంచి అదే హాలు మధ్యలో గాజు, ఉక్కుతో కట్టిన నాటకశాల నడుస్తోంది. తలెత్తి చూస్తే, పైన గోడ మీద ఆఖరి రోజు ధరల బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది. ఫోటో తీసి నాన్నకి పంపితే, "నూలు ధర ఎంతుందిరా?" అని వెంటనే ఫోన్ చేశారు.

పత్తి వ్యాపారి జాన్ రైలాండ్స్ పేరిట ఆయన భార్య కట్టించిన గ్రంథాలయం 1900లో తెరిచారు. ప్రవేశం ఉచితం. పై అంతస్తు చదువుల గది చూడకుండా రావద్దు. 1877 నాటి టౌన్ హాల్ మేం వెళ్లినప్పుడు మరమ్మతుల్లో ఉంది, బయటి నుంచే చూశాం.

లింకన్ విగ్రహం దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. అమెరికా అంతర్యుద్ధంలో, అక్కడి బానిసలు పండించే పత్తి రాక ఇక్కడి మిల్లులు మూతపడ్డాయి. ఆకలితో ఉండి కూడా ఇక్కడి కార్మికులు బానిసత్వానికి వ్యతిరేకంగా నిలబడ్డారు. 1863లో లింకన్ వాళ్లకి ఉత్తరం రాశాడు. అందులోని మాటలు దిమ్మె మీద చెక్కి ఉన్నాయి. మాంచెస్టర్ అంటే మా ఇంట్లో ఉన్న కోపం ఈ కూలీల మీద కాదని అక్కడే నాకు స్పష్టమైంది.

సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియానికి ఒక పూట ఉంచుకోండి. బట్టల గ్యాలరీలో పాత మరమగ్గం నడిపి చూపించారు. మా ఇంటి మగ్గం చప్పుడులో మాట్లాడుకోవచ్చు. ఇక్కడ పక్కనున్న తమ్ముడి మాట కూడా వినపడలేదు. ఆ రోజుల్లో మిల్లు ఆడవాళ్లు పెదవుల కదలిక చూసి మాట్లాడుకునేవారట. యంత్రాలు నడిపే వేళలు ముందే కౌంటర్లో అడిగి వెళ్లండి.