యానిమేషన్ నేర్చుకునేవారికి బ్లెండర్: కొన్నేళ్లు వాడిన తరువాత నా అంచనా

బ్లెండర్ అనే 3డి, యానిమేషన్ సాఫ్ట్‌వేర్ 2.8 వెర్షన్ 2019లో విడుదలైనప్పటి నుంచి నేను దీనిని వాడుతున్నాను. ఇది ఉచితం, దీనితో చేసిన పనిని అమ్ముకున్నా ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. మోడలింగ్ (ఆకారాలను మలచడం), రెండరింగ్ (తుది చిత్రాలను తీయడం) గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక, యానిమేషన్‌లోని ప్రధాన రకాలను, వాటి మెళకువలను నేర్చుకునేవారికి ఇది ఎంతవరకు ఉపకరిస్తుందన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

బొమ్మ వెంట బొమ్మ గీసే పాత పద్ధతికి ఇందులో గ్రీజ్ పెన్సిల్ అనే గీత సాధనం ఉంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచినా, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 12 బొమ్మలతో సరిపోతుంది. ఆనియన్ స్కిన్ ఆన్ చేస్తే ముందు బొమ్మ ఒక రంగులో, తరువాతి బొమ్మ మరో రంగులో లీలగా కనిపిస్తాయి; వాటి నడుమ కొత్త గీత ఎక్కడ పడాలో కంటికి తెలుస్తుంది. గీసిన గీతను చెరిపి మళ్లీ గీయకుండా, దాని బిందువులను పట్టుకుని వంచుకోగలగడం కాగితం మీద లేని సౌకర్యం. అయితే 2024 నవంబరులో వచ్చిన 4.3 వెర్షన్‌లో గ్రీజ్ పెన్సిల్‌ను లోపలి నుంచి తిరగరాశారు. అంతకు ముందు చేసిన పాఠాల్లో కనిపించే మెనూలు కొన్ని ఇప్పటి తెరమీద అదే చోట దొరకవు. పాఠం ఎంచుకునే ముందు దాని తేదీ చూసుకోవడం మంచిది. చేతిగీత ఒక్కటే చాలనుకునేవారికి, అందులోనూ పాత ల్యాప్‌టాప్ ఉన్నవారికి, పెన్సిల్2డి అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంతకంటే హాయిగా ఉంటుంది.

విడివిడి ముక్కలను కలిపి ఆడించే కటౌట్ పద్ధతి మన తోలుబొమ్మలాట చూసినవారికి కొత్త కాదు. భుజం, మోచేయి, తొడ, మోకాలు విడివిడి ముక్కలు; కీలు దగ్గర దారంతో ముడి. బ్లెండర్‌లో ఆ ముడి స్థానాన్ని ఆరిజిన్ అనే చుక్క తీసుకుంటుంది. చేతి బొమ్మను లోపలికి తెచ్చినప్పుడు ఆ చుక్క బొమ్మ నడిమధ్యలో ఉంటుంది, అందువల్ల తిప్పగానే చెయ్యి భుజం దగ్గర కాకుండా ఫ్యాను రెక్కలా తిరుగుతుంది. చుక్కను భుజం కీలు మీదికి జరిపి, ముంజేతిని పైచేతికి, పైచేతిని మొండేనికి పేరెంట్ చేశాకే, అంటే ఒకటి కదిలితే రెండోది వెంట కదిలేలా తగిలించాకే, బొమ్మకు ప్రాణం వస్తుంది.

వస్తువును కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫోటో తీసే స్టాప్ మోషన్‌కు బ్లెండర్ చేసేది తక్కువ. ఫోనుతో ఎక్స్‌పోజర్ లాక్ చేసి తీసిన ఫోటోలను వీడియో సీక్వెన్సర్‌లో వరుసగా పేర్చుకోవచ్చు, అంతే.

అసలు చెప్పుకోవలసింది 3డి గురించి. రెండు భంగిమలకు కీ ఫ్రేములు (భంగిమను నమోదు చేసే గుర్తులు) పెట్టగానే మధ్య కదలికను బ్లెండర్ తానే నింపుతుంది. ఆ నింపడం ఎంత నునుపుగా ఉంటుందంటే, నేర్చుకునేవాడికి తన టైమింగ్ బాగుందన్న భ్రమ కలుగుతుంది. బంతి ఎగరడమనే మొదటి అభ్యాసంలోనే ఇది బయటపడుతుంది. బంతి నేలను తాకే ఫ్రేములో కీ పెట్టి వదిలేస్తే, సాఫ్ట్‌వేర్ సహజంగా ఇచ్చే బెజియర్ వంపు అక్కడ కూడా గుండ్రంగా ఉండి, బంతి నేలకు దగ్గరవుతూ నెమ్మదించి, దూదిలో దిగినట్టు ఆగి, మళ్లీ మెల్లగా లేస్తుంది. కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ ఒక్క కీని ఎంచుకుని, కీబోర్డు మీద వి నొక్కి, వంపును నడిపే హ్యాండిల్‌ను వెక్టర్‌గా మార్చగానే వంపు మొనదేలుతుంది; బంతి నేలను కొట్టి ఎగురుతుంది. పై కొసన మాత్రం గుండ్రం ఉండాల్సిందే, ఎందుకంటే అక్కడ బంతి వేగం నిజంగానే తగ్గుతుంది. ప్రతి ఎగురులో ఎత్తుతో పాటు పట్టే ఫ్రేముల సంఖ్యను కూడా తగ్గించాలి. ఎత్తు తగ్గించి కాలాన్ని అలాగే ఉంచితే బంతి గాలిబుడగలా కనిపిస్తుంది. కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగాలనే స్లో ఇన్, స్లో అవుట్ సూత్రం పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు ఇంత స్పష్టంగా అర్థం కాలేదు, ఈ గీతను చేత్తో వంచినప్పుడు అర్థమైంది.

నడక అభ్యాసానికి రిగిఫై అనే యాడాన్ (బ్లెండర్‌కు జోడించుకునే అదనపు సాధనం) ఇచ్చే మనిషి అస్థిపంజరం చాలు. అడుగుకు 12 ఫ్రేముల చొప్పున, మడమ నేలను తాకే భంగిమ, బరువు దిగే భంగిమ, కాలు కాలిని దాటే భంగిమ, ఒళ్లు పైకి లేచే భంగిమ పెట్టి, వాటిని కాపీ చేసి అద్దంలోలా తిప్పి అతికిస్తే రెండో అడుగు సిద్ధమవుతుంది. ఈ తిప్పి అతికించే సదుపాయం ఎంతో శ్రమను తగ్గించింది.

లోపాల్లో పెద్దది ప్లేబ్యాక్. సన్నివేశం బరువెక్కితే బ్లెండర్ ఫ్రేములను వదలకుండా నిదానంగా ఆడిస్తుంది. నిజానికి వేగంగా ఉన్న కదలిక తెరమీద సరైన వేగంతో ఉన్నట్టు కనిపించి, రెండర్ చేశాక ఉరుకులు పరుగులు పెడుతుంది. తెర మూలన ఫ్రేమ్ రేటు అంకె ఎర్రగా మారిందంటే కంటికి కనిపిస్తున్న టైమింగ్‌ను నమ్మకూడదు. అప్పుడు పనిచేసే తెరనే త్వరగా చిత్రాలుగా తీసే వ్యూపోర్టు రెండర్ తీసి వీడియోగా చూసుకోవాలి. 8 జీబీ ర్యామ్ కనీస అవసరమని బ్లెండర్ వారే చెబుతారు, ఆ కనీసంతో రిగ్ (కదిలించే అస్థిపంజరం) ఉన్న పాత్రను ఆడించడం ఓపికకు పరీక్షే.

హైదరాబాదు స్టూడియోల ఉద్యోగ ప్రకటనల్లో నేను చూసినంతవరకు మాయా అనే మరో 3డి సాఫ్ట్‌వేర్ పేరే ఎక్కువగా ఉంటోంది. దానిని చూసి బ్లెండర్‌ను పక్కన పెట్టనక్కరలేదు: కీ ఫ్రేములు, వంపులు, ఐకే (చెయ్యి లేదా పాదం చివరను జరిపితే మిగతా అవయవం అనుసరించడం), ఎఫ్‌కే (ఒక్కో కీలును విడిగా తిప్పడం) రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఒకటే, మారేది బటన్ల చోటు. పూర్తిగా బ్లెండర్‌తో తీసిన ఒక లాట్వియా చిత్రం 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది కూడా.

కొత్తగా మొదలుపెట్టేవారు ప్రిఫరెన్సెస్‌లోని యానిమేషన్ విభాగంలో డిఫాల్ట్ ఇంటర్‌పోలేషన్‌ను (కీ ఫ్రేముల మధ్యను నింపే తీరును) కాన్‌స్టంట్‌కు మార్చుకోవాలని నా సలహా. అప్పుడు భంగిమ నుంచి భంగిమకు బొమ్మ దూకుతుంది తప్ప మధ్యలో సాఫ్ట్‌వేర్ ఏమీ నింపదు. ఆ దూకుళ్లలోనే పాత్ర ఏం చేస్తోందో చూసేవారికి అర్థమైతే, అప్పుడు బెజియర్‌కు మార్చవచ్చు.