ముత్తాత పిల్లలెవరో తేల్చాలంటే: తహసీల్ ఆఫీసా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసా?

జనన రిజిస్టర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకు ముందు ఊరి రిజిస్టర్లు ఉండేవి కానీ బారసాల కాకముందే రాయించేవాళ్ళు కాబట్టి చాలాచోట్ల తండ్రి పేరు పక్కన మగ శిశువు అనో ఆడ శిశువు అనో ఉంటుంది, అంతే. ఎవరి పిల్లలెవరో మన దగ్గర కాగితం మీదికెక్కింది ఎక్కువగా పొలం చేతులు మారినప్పుడే. అందుకే అసలు పోటీ తహసీల్ ఆఫీసులోని రెవెన్యూ రికార్డులకీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోని పాత దస్తావేజులకీ మధ్య.

రెవెన్యూ వైపు సుఖమేమిటంటే, ఊరి పేరు తెలిస్తే చాలు, పని మొదలవుతుంది. ఆంధ్రలో అయితే డైగ్లాట్ (సర్వే నాటి భూముల రిజిస్టరు), అడంగల్ (ఏ భూమి ఎవరిదో ఏటా రాసే లెక్క), తెలంగాణలో సేత్వార్ (అక్కడి సర్వే నాటి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (పహాణీ అంటే అక్కడి అడంగలే). ముత్తాత పేరు మీదున్న సర్వే నంబరు పట్టుకుని తర్వాతి ఏళ్ళ అడంగళ్ళు వరసగా చూస్తూ వస్తే ఒక ఏడాది 45/2 ఉన్నది కాస్తా 45/2ఎ, 2బి, 2సి అని విడిపోయి కనిపిస్తుంది, మూడు పేర్లకీ తండ్రి ఒక్కడే. ముగ్గురు కొడుకులన్నమాట. పనిలో పనిగా ముత్తాత ఏ ఏళ్ళలో చనిపోయి ఉంటాడో కూడా అంచనా దొరుకుతుంది, అయితే బతికుండగానే పంచి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, పోయిన పదేళ్ళకు గానీ పేరు మార్పించుకోని కొడుకులూ ఉన్నారు, కాబట్టి దాన్ని మరీ నమ్మకండి. అసలు లోటు అది కాదు, ఆడపిల్లలు. పాత అడంగల్‌లో కూతురి పేరు దాదాపు ఉండదు. దత్తత వెళ్ళిన కొడుకూ అంతే, పెంచిన తండ్రి పేరు కింద వేరే ఖాతాలో ఉంటాడు, మీకు తట్టను కూడా తట్టదు.

దస్తావేజుల దగ్గర కథ వేరు. పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల కాగితం, ఒక్కటి దొరికిందంటే అన్నదమ్ములందరూ వయసులతో సహా ఒకే కాగితంలో ఉంటారు. అది లేకపోయినా అమ్మకం దస్తావేజు చూడండి: ఉమ్మడి ఆస్తిలో కొడుకులకు పుట్టుకతోనే హక్కు కాబట్టి, రేపు కోర్టుకెక్కుతారేమోనన్న భయంతో కొనేవాళ్ళు పిల్లలందరి పేర్లూ రాయించుకునేవాళ్ళు, పాలు తాగే పిల్లాడైనా సరే, మైనరు ఫలానా, గార్డియను తండ్రి అని. చిన్నప్పుడే పోయి ఇంట్లో ఎవరికీ గుర్తులేని కొడుకులు కూడా ఈ వరసలో బయటపడతారు. ఇంకా హద్దులు. ‘తూర్పు: మా అన్న సుబ్బయ్య భాగపు భూమి’ అని ఒక్క ముక్క ఉంటే చాలు, వెతకాల్సిన ఇంకో పేరు దొరికినట్టే. చాలామంది హద్దులు చదవరు, అక్కడే పోగొట్టుకుంటారు.

ఆడపిల్లలు కూడా ఇక్కడే దొరుకుతారు. పసుపు కుంకుమ కింద రాసిచ్చిన దాన దస్తావేజులో భర్త పేరు, అత్తవారి ఊరు, మారిన ఇంటిపేరు ఉంటాయి, ఆ శాఖ ఎటు వెళ్ళిందో తెలియడానికి అంతకన్నా ఏం కావాలి. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో (అప్పుడు రెండూ ఒకటే రాష్ట్రం) అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది, దాంతో అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేత హక్కు విడుదల రాయించుకోవడం మొదలైంది. అది ముత్తాత కూతుళ్ళకు అందదు లెండి, తాతగారి కూతుళ్ళ దాకా పనికొస్తుంది.

ఇబ్బందల్లా వెతకడం. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా) 1983 నుంచే, అంతకు ముందువి ఆఫీసులోనే తీయించాలి. రుసుము కట్టి స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం, దాని ఇండెక్సు ఎవరైనా చూడొచ్చు, రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, మీకెందుకండీ అంటే ఆ మాట చెప్పండి. వీలునామా నకలు కూడా రాసినాయన పోయాక ఎవరడిగినా ఇవ్వాలి. పేర్ల ఇండెక్సు వేరే ఉంటుంది కానీ ఇంటిపేరు రాసిన తీరు ఏడాదికోలా ఉంటుంది, సర్వే నంబరు చేతిలో ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

కాశీ, గయల్లో పండాల (యాత్రికుల వంశాల పేర్లు రాసుకునే అక్కడి పురోహితుల) పుస్తకాలున్నాయి కదా అంటారు. మీవాళ్ళు అక్కడికి వెళ్ళుంటే చూడండి, కానీ అక్కడ ఉండేది వెళ్ళిన శాఖ, వాళ్ళు చెప్పిన పేర్లు. ఇక అన్నదమ్ములు కోర్టుకెక్కిన కుటుంబమైతే మీ అదృష్టం: భాగాల దావాలో వంశవృక్షం గీసి మరీ పెడతారు, ఎవరు పోయారో, ఎవరికి ఎవరు వారసులో సహా, పైగా ఒకరు తప్పు రాస్తే రెండోవాళ్ళు ఊరుకోరు. పోట్లాడుకున్న తాతలకు దండం పెట్టాలి.

సెంటు భూమి లేని కుటుంబాలకు ఈ రెండు ఆఫీసులూ పెద్దగా ఉపయోగపడవు. 1860–1911 మధ్య మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్ళినవాళ్ళుంటే ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, వెంట వెళ్ళిన పిల్లల పేర్లు ఉంటాయి. ఇక్కడ మిగిలిపోయిన పిల్లలు మాత్రం అందులో ఉండరు.

నన్నడిగితే దస్తావేజులే మేలు. కానీ మొదటి రోజు వెళ్ళాల్సింది తహసీల్‌కే, సర్వే నంబర్ల కోసం. వాటిని చీటీ మీద రాసుకుని, పాతవీ కొత్తవీ రెండూ (రీసర్వే జరిగిన ఊళ్ళల్లో నంబర్లు మారిపోయుంటాయి), అప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళండి. ముత్తాత బతికున్నప్పుడు మీ ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ కిందికి వచ్చేదో కూడా ముందే కనుక్కోండి, ఇప్పుడున్న ఆఫీసులో ఆ పుస్తకాలు ఉండకపోవచ్చు.