బస్టాండ్ ఎదురు మేడ మీద "ఐటీఐతో సమానం" కోర్సు: దయచేసి పిల్లల్ని చేర్చకండి

ఇప్పుడే అక్కడి నుంచి ఇంటికొచ్చాను. ఒళ్లు ఇంకా మండుతోంది. ఎవరి గురించో మన ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ప్రతి ఆటో వెనకా వాళ్ల పోస్టరే.

మా అక్క కొడుకు పోయినేడు పది పాసయ్యాడు. చిన్నప్పటి నుంచీ వైరింగ్ పనంటే ప్రాణం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు 2 ఏళ్లు. వీళ్లేమో 6 నెలల్లో సర్టిఫికెట్టు, రైల్వేకీ కరెంటాఫీసుకీ పనికొస్తుందన్నారు. ఫీజు 45,000. అక్క కమ్మలు తాకట్టు పెట్టి కట్టింది. చేర్పించమని పట్టుబట్టింది నేనే. ఆ మాట తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

గోడ మీద ఐఎస్‌వో 9001 అని ఫ్రేము, పక్కనే ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్య తరహా వ్యాపారాల) ఉద్యమ్ రిజిస్ట్రేషన్, దాని మీద మూడు సింహాల గుర్తు. అది చూసి గవర్నమెంటు గుర్తింపే అనుకున్నాను. వ్యాపారం పెట్టుకున్న ఎవరికైనా ఉద్యమ్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే వస్తుందని ఇప్పుడు తెలిసింది. ఐఎస్‌వో కూడా సంస్థను నడిపే పద్ధతికి ఇచ్చేదే, కోర్సుకి గుర్తింపు కాదు.

మొన్న దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌కి అప్లై చేద్దామని నెట్ సెంటర్‌కి వెళ్లాం. ఎన్‌సీవీటీ గానీ ఎస్‌సీవీటీ గానీ (కేంద్ర, రాష్ట్ర వృత్తి శిక్షణ మండళ్లు) ఇచ్చిన ఐటీఐ సర్టిఫికెట్టు కావాలి. మావాడి కాగితంలో ఆ రెండు పేర్లూ లేవు. "మావయ్యా, మరి నాది ఎవరిచ్చారు?" అన్నాడు వాడు.

అదే అడగడానికి ఇవాళ వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. చేర్చుకునే రోజు "రండి అన్నా, కూర్చోండన్నా" అని టీ తెప్పించిన మనిషి ఇవాళ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఐటీఐ అని మేం ఎక్కడ రాశాం? చూపించండి" అన్నాడు. జేబులోంచి కరపత్రం తీసి టేబుల్ మీద పెట్టాను. అందులో "ఐటీఐ స్థాయి శిక్షణ" అని ఉంది. ఆ మాట మీద వేలు పెట్టి, "స్థాయి అన్నాం. ఐటీఐ అన్నామా? చదువుకున్నోళ్లే కదా, చూసుకుని కట్టాలి" అన్నాడు. ఆ మాటన్నది నాతో కాదు, పిల్లాడి మొహంలోకి చూస్తూ. పదిహేడేళ్ల కుర్రాడు, ఎదుటి గోడకేసి చూస్తూ నిలబడిపోయాడు. నన్ను అని ఉంటే పడేవాణ్ణి. నమ్మి వచ్చిన పిల్లాణ్ణి అలా అనడానికి నోరెలా వచ్చిందో!

డబ్బు పోతే పోయింది, చేరేటప్పుడు తీసుకున్న పదో తరగతి ఒరిజినల్ మెమో ఇచ్చెయ్యమన్నాను. ఎగ్జామ్ ఫీజు బాకీ 8,000 కడితేనే ఇస్తాట్ట. ఏ ఎగ్జామో, ఎవరు పెట్టారో అడిగితే లేచి లోపలికి వెళ్లిపోయాడు. రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కాగితం ఇస్తున్నాను. ఇలాగే మోసపోయినవాళ్లుంటే రండి, కలిసి వెళదాం.

ఐటీఐ అని ఎవరు చెప్పినా డబ్బు కట్టకముందే ఎన్‌సీవీటీ గుర్తింపున్న ఐటీఐల జాబితాలో ఆ సంస్థ పేరూ, ట్రేడూ ఉన్నాయో లేదో చూడండి. పాలిటెక్నిక్ డిప్లొమా అంటే ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతి, మన రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి అఫిలియేషన్ రెండూ అడగండి. ఒరిజినల్స్ చూపించి అప్పుడే వెనక్కి తెచ్చుకోండి. మావాణ్ణి ఇప్పుడు గవర్నమెంటు ఐటీఐలో వేద్దామంటే ఆ మెమోనే కావాలి, అది వాళ్ల బీరువాలో ఉంది.